తరుగుతున్న కొండలు – కార్మికవర్గ కర్తవ్యం

1959 ఫిబ్రవరి 4వ తేదీన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించారు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందానికి ఫలితమది. మరుసటి సంవత్సరం నుంచే అక్కడి రైలు పట్టాల మిల్లు పని మొదలుపెట్టింది. నాటినుంచి నేటివరకు మన రైల్వే సోదరులు గేజి పట్టుకొని కొలిచిన పట్టాలలో, సమ్మెట పట్టుకొని సరిచేసిన పట్టాలలో అత్యధిక భాగం భిలాయిలో పుట్టినవే. ఆ పట్టా మీదుగానే తపాలా సంచి కూడా ఊరూరికీ చేరింది. ఇది మనందరికీ తెలిసిన సంగతి. అయితే ఆ పట్టా ఏ కొండనుంచి వచ్చింది, ఆ కొండ ఇప్పుడెలా ఉన్నది అని మనలో ఎందరు విచారించారు? మేమూ చాలకాలం విచారించలేదని ముందే ఒప్పుకుంటున్నాము.

ఆ కొండ పేరు రాజహరా. భిలాయికి దక్షిణంగా ఎనభై, తొంభై కిలోమీటర్ల దూరంలో, నేటి బాలోద్ జిల్లాలో ఉన్నది. దాని పక్కనే దల్లి. రెండూ కలిసి దల్లీరాజహరా అయినవి. 1904 ప్రాంతంలోనే టాటాల బృందం అక్కడికి వచ్చి చూసింది. ఖనిజం మేలైనదేగాని అందుబాటులో తగిన బొగ్గు, నీరు లేవని వెనుదిరిగి, చివరకు జంషెడ్‌పూర్‌లో కర్మాగారం కట్టుకున్నది. అర్ధశతాబ్దం తరువాత ప్రభుత్వరంగం ఆ కొండను చేపట్టింది. కర్మాగారం మొదట 10 లక్షల టన్నుల ఉక్కుకు రూపొందింది. 1967 నాటికి 25 లక్షలు, 1988 నాటికి 40 లక్షల టన్నులకు పెరిగింది. 2018లో జాతికి అంకితం చేసిన విస్తరణతో 70 లక్షల టన్నుల స్థాయికి చేరింది. అనగా కొలిమి ఆకలి ఏడింతలు పెరిగినది. కొండ మాత్రం పెరగలేదు. కొండలకు ఎదుగుదల లేదుకదా!

ఆరు దశాబ్దాలు దాటిన తవ్వకం తరువాత రాజహరాలో మేలైన ఖనిజం అడుగంటింది. మిగిలినదానిలో మట్టి, ఇసుక పాలు హెచ్చు. దానిని కడిగి, జల్లించి, ఇసుక పాలు తగ్గించి పంపవలసి వస్తున్నది. కడిగిన బురద హిత్కసా జలాశయంలో చేరి దిబ్బలుగా పేరుకున్నది. ఆ బురదలోనూ ఇనుము ఉన్నది. మొన్నటివరకు పనికిరానిదని పారబోసినదాన్నే ఇప్పుడు ముద్దలు చేసి కొలిమిలో వేయాలనే ఆలోచన సాగుతున్నది. ఇంటిలో బియ్యం నిండుకున్నప్పుడు గృహిణి గాదె అడుగు ఊడ్చినట్లున్నది ఈ వ్యవహారం.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. ప్రకృతి సంపద తరిగిపోవుట గురించి మాట్లాడినప్పుడల్లా రెండు వర్గాలు ఎదురెదురుగా నిలుస్తాయి. ఇంకొన్నేళ్ళలో అంతా అయిపోతుందని ఒకరంటారు, ఏదీ ఎన్నటికీ అయిపోదని మరొకరంటారు. 1972లో క్లబ్ ఆఫ్ రోమ్ వెలువరించిన ‘వృద్ధికి పరిమితులు’ అన్న నివేదిక ప్రపంచమంతటా కలకలం రేపింది. 1980లో అమెరికాలో పాల్ ఎర్లిక్ అనే జీవశాస్త్రవేత్త, జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త ఐదు లోహాల ధరలమీద పందెం కాసుకున్నారు. రాగి, క్రోమియం, నికెల్, తగరం, టంగ్‌స్టన్ – వీటి ధర పదేళ్ళలో పెరుగుతుందని ఎర్లిక్, తగ్గుతుందని సైమన్ వాదించారు. 1990లో ధరలు తగ్గి ఉండగా ఎర్లిక్ ఓడి, 576 డాలర్ల చెక్కు పంపించారు. ఇంకేం, ప్రపంచానికి ఢోకా లేదని సంపన్న దేశాల పత్రికలు పండుగ చేసుకున్నాయి. ఆ పందెంలో రాగి గని కార్మికుణ్ణి గాని, ఆ గని పక్కన చేను పోగొట్టుకున్న రైతును గాని సాక్షిగా పిలిచినవారు లేరు. ధర ఒక్కటే కొలబద్ద అయినది.

కార్మికవర్గానికి ధర కంటే నమ్మకమైన కొలబద్ద ఒకటి ఉన్నది. గని ఎప్పుడు మూతపడుతుంది, మూతపడిననాడు వీధిన పడేదెవరు అన్నదే అది. దీనికి మనవాళ్ళెరిగిన ఉదాహరణ కోలారు బంగారు గనులు. చిత్తూరు జిల్లానుంచి, చుట్టుపక్కల సీమనుంచి వెళ్ళిన తెలుగువారు, తమిళ సోదరులు తరతరాలుగా ఆ గనులలో దిగారు. భూమిలోనికి మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్ళిన గనులవి. 2001 ఫిబ్రవరి 28న వాటిని మూసివేశారు. బంగారం పూర్తిగా అయిపోయిందా? లేదు. తీయుటకయ్యే ఖర్చు బంగారం ధరను మించిపోయిందని మూసివేశారు. ఆ తరువాత బంగారం ధర ఎన్ని రెట్లు పెరిగిందో ఆడపిల్ల పెళ్ళి చేసిన ప్రతి తండ్రికీ తెలుసు. గని మాత్రం నీటమునిగి ఉన్నది, కార్మికుడు తిరిగి రాలేదు. వారి బిడ్డలు తెల్లవారుజామున మారికుప్పం స్టేషన్‌లో బండి ఎక్కి బెంగుళూరులో కూలికో కొలువుకో వెళ్ళి రాత్రికి తిరిగి వస్తున్నారు. ఆ బండి నడిపే సోదరులు ఈ పత్రిక చదువుతున్నట్లయితే, పెట్టెలలో నిద్రపోతూ వెళ్ళే ఆ జనం ఎవరో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక సంపద ‘అయిపోవుట’ అనునది ఒకనాడు దీపం ఆరినట్లు జరిగేది కాదు. మొదట దగ్గరి కొండ, తరువాత దూరపు కొండ. మొదట మేలి ఖనిజం, తరువాత నాసి ఖనిజం. మొదట పై పొర, తరువాత లోతు. ప్రతి మెట్టులోనూ నీరు, విద్యుత్తు, డీజిలు మరింత ఖర్చవుతాయి. అడవి మరికొంత పోతుంది. ఈ భారం లాభాల పద్దులో కనబడదు. అడవిలో ఉన్నవారి మీదా, గనిలో ఉన్నవారి మీదా పడుతుంది.

భిలాయికి ఆ తరువాతి మెట్టు రావ్‌ఘాట్. కాంకేర్, నారాయణ్‌పూర్ జిల్లాల అడవులలోని ఆ కొండలు, ఛత్తీస్‌గఢ్‌లో బైలాడీలా తరువాత అంతటి ఇనుప నిక్షేపంగా పేరుపొందాయి. అక్కడికి దల్లీరాజహరా నుంచి 95 కిలోమీటర్ల రైలు మార్గం తలపెట్టారు. గుదుం, భానుప్రతాప్‌పూర్, కేవటి దాటి 2022 నాటికి అంతాగఢ్ వరకు బండ్లు నడిచాయి. ఆ యేడాదే అంజ్రెల్ ప్రాంతంనుంచి తవ్విన ఖనిజం అంతాగఢ్‌లో రేకులకెక్కి భిలాయికి చేరింది. సాయుధ పహరా నడుమ ఆ మార్గం వేసిన కార్మికుల కష్టాన్ని మేము తక్కువ చేయబోము.

అయితే ఒక చిన్న లెక్క వేసి చూడండి. రావ్‌ఘాట్‌లో ఎఫ్ బ్లాకు అని పిలిచే ప్రధాన భాగంలో సుమారు 50 కోట్ల టన్నుల ఖనిజం ఉన్నదని అంచనా. యేటా 1 కోటీ 40 లక్షల టన్నులు తీయాలన్నది ప్రణాళిక. పూర్తిస్థాయిలో తవ్వితే 36 ఏళ్ళలో కొండ ఖాళీ. నేడు ఇరవై రెండేళ్ళ వయసులో ఆ మార్గంలో ట్రాక్‌మెన్‌గా చేరిన యువకుడు పదవీ విరమణ చేయకముందే, తాను కాపలా కాస్తున్న మార్గానికి మొదటి సరకు లేకుండా పోవచ్చును. రాజహరా అరవై ఏళ్ళకు పైగా తిండి పెట్టింది. దాని తరువాతి కొండకు అందులో సగం కాలమే ఆయుష్షు. ఆ తరువాతి కొండ ఎక్కడ? అక్కడికి ఎవరి గూడెం మీదుగా మార్గం వేస్తారు? ఈ ప్రశ్నను ఆదివాసీలు వేసినప్పుడు అభివృద్ధి నిరోధకులన్నారు. అంకెలు తెలిసిన మనమే ఆ ప్రశ్న వేసియుండవలసింది.

దల్లీరాజహరా పేరు వినగానే పాతతరం సంఘీయులకు మరొక సంగతి గుర్తు రాక మానదు. అక్కడి గనులలో ఖనిజాన్ని పారతో, గంపతో ఎత్తినవారు ఆదివాసీ స్త్రీ పురుషులు, కాంట్రాక్టు కూలీలు. 1977లో బోనస్ విషయమై కుదిరిన ఒప్పందంలో శాశ్వత కార్మికునికొక లెక్క, కాంట్రాక్టు కూలీకొక లెక్క అయినది. ఆనాటి పెద్ద సంఘాల మీద ఆ కూలీలకు విశ్వాసం పోయింది. శంకర్ గుహా నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌ను స్థాపించుకున్నారు. వానాకాలానికి ముందు గుడిసె బాగుచేసుకొనుటకు వెదురు, కర్రల ఖర్చు ఇమ్మన్నది వారి కోర్కెలలో ఒకటి. అంత చిన్న కోర్కె! 1977 జూన్ 2, 3 తేదీలలో జరిగిన పోలీసు కాల్పులలో పదకొండుమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ సంఘంతో మా వంటివారికి అభిప్రాయభేదాలు ఉండేవి. ఉన్నా, ఆనాడు కాంట్రాక్టు కూలీని మన సభ్యత్వ పుస్తకం బయటనే ఉంచిన తప్పు మనదే.

ఆ సంఘం 1983లో తన సొంత చందాలతో షహీద్ ఆసుపత్రి కట్టుకున్నదని చాలామందికి తెలుసు. అంతగా తెలియని విషయం మరొకటున్నది. మొత్తం యంత్రాలే పెట్టి మనుషులను తీసివేయక, కొంత యంత్రం, కొంత మనిషి కలిసి తవ్వే పద్ధతిని వారు లెక్కలతో సహా ప్రతిపాదించారు. అడవిని గుర్తెరగమని ప్రచారం చేసి, గని పక్కన చెట్లు నాటించారు. గని ఎంత వేగంగా తరగాలి అన్న ప్రశ్నను ఈ దేశంలో కార్మికుల వైపునుంచి వేసిన తొలి సంఘాలలో అది ఒకటని మా అభిప్రాయం. యంత్రం వస్తే ఉత్పత్తి పెరుగుతుందన్నది నిజమే. ఉత్పత్తి పెరిగితే గని త్వరగా అయిపోతుందన్నదీ అంతే నిజం. రెండో నిజాన్ని యాజమాన్యం ఏ కరపత్రంలోనూ వేయదు. నియోగి 1991 సెప్టెంబర్ 28న భిలాయిలో హత్యకు గురైనారు. మరుసటి యేడు జూలై 1న భిలాయి పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద బైఠాయించిన కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. భిలాయిలో తయారైన పట్టాల మీద భిలాయి కార్మికుల నెత్తురు పారిన రోజది. ఆనాడు ఆ సెక్షన్‌లో డ్యూటీలో ఉన్న మన సభ్యులు కొందరు ఈనాటికీ ఆ మాట ఎత్తితే మౌనం వహిస్తారు.

ఇప్పుడు నీటి సంగతి. ఉక్కుకు ఖనిజం, బొగ్గు, సున్నపురాయి కావాలని పాఠ్యపుస్తకాలలో వ్రాస్తారు. నీటిని మరిచిపోతారు. భిలాయి కర్మాగారానికి నీరిచ్చే తాందులా జలాశయం 1921 నాటిది. రైతుల పొలాలకు కట్టిన చెరువది. వానలు వెనుకబడిన యేడు ఆ నీరు వరిమడికా, కొలిమికా అన్న తగాదా తప్పదు. మహానది మీద గంగ్రేల్ ఆనకట్ట వచ్చిన తరువాత కొంత ఊరట కలిగినది గాని, తగాదా మాత్రం పోలేదు. దక్షిణాన బైలాడీలాలో మరొక రీతి: గనులనుంచి కొట్టుకువచ్చిన ఎర్ర బురదతో శంఖిని, డంకిని నదుల నీరు ఎర్రబారినది. ఆ నీటితో పొలం తడిపినవారికీ, పశువులను తోలినవారికీ ఇనుము ధర ఎంతో తెలియదు. దాని ఎరుపు తెలుసు.

బైలాడీలా ఖనిజం మన విశాఖకు సొంత చుట్టం వంటిది. 1960లో జపాన్ ఉక్కు మిల్లులతో ఒప్పందం చేసుకొని, దాని కోసమే కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని తూర్పు కనుమల మీదుగా, సొరంగాలు తొలిచి వేశారు. ఆ ఖనిజం విశాఖ రేవునుంచి జపాన్‌కు వెళ్ళింది. యుద్ధంలో కూలిన దేశం మన కొండతో ఓడలు, కార్లు కట్టుకొని, వాటిని మళ్ళీ ప్రపంచానికి అమ్మింది. మనకు టన్నుకింత అని వచ్చింది. ముప్పైరెండుమంది ప్రాణత్యాగంతో సాధించుకున్న విశాఖ ఉక్కు కర్మాగారానికి మాత్రం సొంత గని ఇవ్వలేదు. అదే మార్గంలో దిగివచ్చే ఖనిజాన్ని అది మార్కెట్టు ధరకు కొనుక్కోవలసి వచ్చింది. నష్టాలు వచ్చాయన్నారు. 2021 జనవరిలో పూర్తిగా అమ్మివేయుటకు నిర్ణయం తీసుకున్నారు. కార్మికులు సంవత్సరాల తరబడి శిబిరంలో కూర్చున్నారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించారు. సొంత గని మాత్రం ఆ ప్రకటనలోనూ లేదు. కొండనుంచి రేవుకు గొట్టం వేసుకొని, ఖనిజాన్ని నీటితో కలిపి 267 కిలోమీటర్లు పారించే సౌకర్యం ఒక ప్రైవేటు కంపెనీకి రెండు దశాబ్దాల క్రితమే సమకూరింది. ఆ మేరకు రైల్వేకు సరకు పోయింది. కొండల్లోని నీరు కూడా పోయింది.

ఇదంతా మనకెందుకు, మన కోర్కెలు మనకు చాలవా అని అడిగే సోదరులున్నారు. ఇటీవల ఒక శాఖ సమావేశంలో మమ్మల్ని నిలదీసి అడిగారు కూడా. ఖాళీల భర్తీ, పాత పింఛను, పనిగంటలు – ఇవి ముందు, కొండలు తరువాత అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి మా సమాధానమిది. రైల్వే మోసే సరకులో దాదాపు సగం బొగ్గు. ఇనుప ఖనిజం కలిపితే సగం దాటిపోతుంది. అనగా మన జీతాలలో, పింఛన్లలో సింహభాగం తరిగిపోయే సరకు మీద ఆధారపడి ఉన్నది. కోకింగ్ బొగ్గులో అత్యధిక భాగం ఆస్ట్రేలియా వంటి దేశాలనుంచి ఓడలలో దిగుతున్నది. విశాఖ తీరానికి వచ్చి, రాయగడ, తిత్లాగఢ్ మీదుగా ఘాటెక్కి భిలాయికి వెళుతున్నది. దానికి ఒక దేశంలో తుఫాను వచ్చినా, మరొక దేశంలో యుద్ధం వచ్చినా మన యార్డులో రేకులు ఖాళీగా నిలబడతాయి. తన బండి ఏమి మోస్తున్నదో, ఎన్నాళ్ళు మోస్తుందో తెలియని కార్మికుడు బేరమాడలేడు.

తపాలా సోదరులకు మరింత దగ్గరి సాక్ష్యం ఉన్నది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుంచి భిలాయికి తాపీ పనికి, కొలిమి పనికి వెళ్ళిన కుటుంబాలు వేలు. ఒకప్పుడు భిలాయినుంచి వచ్చే మనియార్డర్లతో ఆ పల్లెలలో ఇళ్ళ కప్పులు మారినవి. గని పట్టణంలో చాలకాలం బట్వాడా చేసి పదవీ విరమణ చేసిన ఒక పోస్ట్‌మన్ మాతో అన్న మాట ఇది: “గని తగ్గుతున్న సంగతి ఆఫీసర్లకంటే ముందు నాకు తెలిసిందండీ. కవరు మీద ‘లెఫ్ట్’ అని వ్రాసి తిప్పి పంపేవి రోజుకు రెండు ఉండేవి, ఇరవై అయ్యాయి.” ఏ భూగర్భ శాస్త్రవేత్త నివేదికలోనూ మేము ఇంత స్పష్టమైన లెక్క చదవలేదు.

తిరిగి పుట్టే సంపదకు ఈ బాధ లేదనుకొనుట కూడా పొరపాటే. మనం ముద్ర కొట్టే కార్డూ కవరూ కాగితం. ఆ కాగితం ఒకప్పుడు మన వెదురు. వెదురు కోసిన చోటనే మళ్ళీ మొలుస్తుంది. అయినా కారుచౌకగా మిల్లులకు కట్టబెట్టినందున మొలిచే వేగాన్ని నరికే వేగం మించింది. గోదావరి అడవుల వెదురు చాలక మిల్లులు రైతుల సుబాబుల్, యూకలిప్టస్ తోటల వైపు తిరిగాయి. మేదర కులస్థుని బుట్టకు మాత్రం వెదురు దొరకలేదు. అతనికి ప్రత్యామ్నాయం ఎవరూ నాటలేదు.

మరి ఉక్కు వద్దందామా? అలా అనేవారు సాధారణంగా ఉక్కుతో కట్టిన మేడలోనే కూర్చొని అంటారు. మన దేశంలో తలసరి ఉక్కు వాడకం ప్రపంచ సగటులో సగం లోపే. పల్లెలో వంతెన కావాలి, నాగలి కర్రు కావాలి, బడికి కప్పు కావాలి, రైలు పెట్టె కావాలి. మన అభ్యంతరం తవ్వకం మీద కాదు. ఎవరు, ఎంత వేగంగా, ఎవరికోసం తవ్వుతున్నారన్నదాని మీద. 2009–10లో ఈ దేశంనుంచి 11 కోట్ల టన్నులకు పైగా ఇనుప ఖనిజం విదేశాలకు, అత్యధికంగా చైనాకు, తరలిపోయింది. బళ్ళారి, అనంతపురం సరిహద్దులలో కొండలు రాత్రికి రాత్రి లారీలెక్కిన రోజులవి. 2011లో సుప్రీంకోర్టు బళ్ళారి తవ్వకాలు ఆపించి, తరువాత పరిమితి విధించింది. 2014లో గోవా విషయంలో యేటా 2 కోట్ల టన్నుల పరిమితి పెట్టి, అమ్మకపు సొమ్ములో పదోవంతు రాబోవు తరాల కోసం శాశ్వత నిధిలో వేయమన్నది. కోర్టులు చెప్పవలసి వచ్చినదంటే, చట్టసభలలోనూ, మన మహాసభలలోనూ అంతకుముందు ఎవరూ చెప్పలేదన్నమాట.

ఇనుముకు ఒక గొప్ప గుణమున్నది. బొగ్గు కాలితే బూడిదే. ఇనుము ఎన్నిసార్లు కరిగించినా ఇనుమే. తుక్కునుంచి ఉక్కు చేయుటకు, ఖనిజంనుంచి చేయుటకంటే ఎంతో తక్కువ ఇంధనం చాలును. మన చేతి కింద ఉన్న తుక్కు తక్కువదేమీ కాదు. మార్చిన పట్టాలు, అరిగిన చక్రాలు, తొలగించిన వ్యాగన్లు – ఈ దేశంలో ఇంత నాణ్యమైన తుక్కు మరొకరి దగ్గర లేదు. ప్రధాన మార్గంనుంచి తీసిన పట్టాను సైడింగులో వేసి మరి కొన్నేళ్ళు వాడుకొనుట మన పర్మనెంట్ వే విభాగానికి ఎప్పటినుంచో అలవాటే. ఆ అలవాటును పొదుపు శాస్త్రమని అప్పుడెవరూ పిలవలేదు. మిగిలినదంతా వేలంలో పోతున్నది. భిలాయి పట్టా అరిగిన తరువాత ప్రభుత్వరంగ కొలిమికే ముందుగా తిరిగి వెళ్ళాలని మనం ఎందుకు కోరరాదు?

2015 చట్టసవరణతో ప్రతి గని జిల్లాలోనూ ఖనిజ నిధి ఏర్పడినది. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చిన వాటిమీద 10 శాతం అందులో జమ కావాలి. గనివల్ల నష్టపడిన ప్రజలకోసమని చట్టం చెబుతున్నది. ఆ సొమ్ముతో ఏమి కట్టాలో తేల్చుచోట కాంట్రాక్టు కూలీకి కుర్చీ ఉండాలని, గని మూతపడకముందే అతనికి వేరొక పని నేర్పు ఖర్చు అందులోనుంచి ఇవ్వాలని మన సమాఖ్య అడగవలసి ఉన్నది. గని ఆయుర్దాయం ఎంతో యేటేటా కార్మికులకు వ్రాతమూలకంగా తెలియజేయాలని కూడా. వాటాదార్లకు చెబుతున్న లెక్క గనిలో దిగేవానికి చెప్పుటకు అభ్యంతరమేమిటి?

రైల్వే శాఖలు తమ సెక్షన్‌లో నడిచే ఖనిజ, బొగ్గు రేకుల వివరాన్ని, సరకు ఎక్కడిదో ఎక్కడికో సహా, గత ఐదేళ్ళకు సేకరించవలసినది. తుక్కు వేలం లెక్కలు కూడా జతచేయవలసినది. తపాలా శాఖలు గని పట్టణాలలో మూతపడిన, తగ్గించిన కార్యాలయాల జాబితా తయారుచేయవలసినది. ఈ వివరాలు సమాఖ్య కార్యాలయానికి చేరిన పిమ్మట, రాబోవు జాతీయ మండలి సమావేశం ముందు తీర్మానం ఉంచుతాము. తీర్మానం ముసాయిదా దల్లీరాజహరాలో, గని కార్మికుల ఎదుట చదివి, వారి సవరణలు తీసుకున్న తరువాతనే ఖరారు చేయాలన్నది మా సూచన. 1977లో వారిని అడగకుండానే సంతకాలయినవి.